ఎండకి, ఉక్కపోతకి కారు బ్యాటరీ, డైనమో, సెల్ఫ్ ఎందుకు మొరాయిస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు తగ్గేదాకా ఇవే డౌట్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకచోట పెడితే ఎవరికి కావాల్సింది వాళ్ళు వెతుక్కుంటారని రాస్తున్నా. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది, మొదటి నుంచి చదవక్కర్లేదు. బాగున్న బ్యాటరీ తీసేసి కొత్తది వేయించుకుని, వారం తిరక్కుండానే మళ్ళీ రోడ్డు మీద నిలబడిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను, తీరా చూస్తే తప్పు ఒక లూజు ఎర్త్ వైర్ లోనో (బ్యాటరీ మైనస్ ని కారు బాడీకి, ఇంజిన్ కి కలిపే వైర్), బ్యాటరీని నింపే డైనమోలోనో ఉంటుంది. అది చూసి చూసి బాధేసే ఇంత వివరంగా రాస్తున్నా.

## అసలు సంగతి ఏంటి

చలికి కదా బ్యాటరీలు పోయేది, ఎండకి ఎందుకు పోతాయి?

చలికి బ్యాటరీ మందగిస్తుంది అంతే, వెచ్చబడితే మళ్ళీ కోలుకుంటుంది, కానీ ఎండ చేసిన డ్యామేజీ వెనక్కి రాదు. బ్యాటరీ లోపల జరిగేదంతా కెమిస్ట్రీ, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రియాక్షన్ల వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. రేటింగులు చాలావరకు 25 డిగ్రీల దగ్గర ఇస్తారు, మరి బానెట్ కింద అంతకి ఎన్నో డిగ్రీలు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆయుష్షు ఎంత వేగంగా కరిగిపోతుందో ఊహించుకోండి. లోపల నీళ్ళు ఆవిరవుతాయి, పాజిటివ్ ప్లేట్ల గ్రిడ్ తుప్పు పట్టి పెళుసుబారుతుంది, కారు ఊరికే నిలబడి ఉన్నా ఛార్జ్ కూడా త్వరగా దిగిపోతుంది. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది, అందుకే వేసవంతా బాగానే నడిచిన బ్యాటరీ వాతావరణం చల్లబడ్డ మొదటి పొద్దున చేతులెత్తేస్తుంది, మనమేమో చలిని తిట్టుకుంటాం.

గాల్లో తేమ వల్ల నిజంగా తేడా ఉంటుందా? అన్నీ మూసే ఉంటాయి కదా

ఉంటుంది, కాకపోతే తేమ బ్యాటరీ లోపలికి వెళ్ళి చేసేదేం లేదు, అది పట్టుకునేది జాయింట్లని. పగలు కాలి రాత్రి చల్లబడ్డ లోహం మీద సన్నగా నీటిపొర పడుతుంది, దానికి దుమ్ము తోడైతే టెర్మినల్, ఎర్త్ బోల్టు, కనెక్టర్ పిన్నులు నెమ్మదిగా చిలుము పడతాయి, సముద్రపు గాలి తగిలే చోట ఇంకా త్వరగా. ఒక్క లెక్క చూడండి, సెల్ఫ్ (ఇంజిన్ ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్) తిరిగేటప్పుడు సుమారు 150 యాంప్స్ లాగుతుంది అనుకుందాం, దారిలో ఒక జాయింట్ దగ్గర ఓమ్ లో వందో వంతు రెసిస్టెన్స్ ఉన్నా 1.5 వోల్ట్‌లు అక్కడే ఆవిరి. లైట్లు, హారన్ మాత్రం మామూలుగానే పనిచేస్తాయి ఎందుకంటే వాటికి కావాల్సిన కరెంట్ తక్కువ, అందుకే ఈ తప్పు అంత సులువుగా దొరకదు.

డైనమోకి ఎండతో ఏం పని?

డైనమో, అదే ఆల్టర్నేటర్, తన వేడిని బానెట్ కింద ఉన్న గాలితోనే చల్లార్చుకుంటుంది, ఆ గాలే కాలిపోతుంటే ఇక చల్లారేదెక్కడ. రాగి తీగ వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ పెరిగి అవుట్‌పుట్ తగ్గుతుంది. ఏసీ కరెంట్ ని డీసీ కరెంట్ గా మార్చే డయోడ్లు, వోల్టేజ్ ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెండూ ఎలక్ట్రానిక్ భాగాలే, వేడికి ముందు నలిగేవి అవే. పైగా వేసవిలో ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, అంటే దాని బలం తగ్గిన రోజుల్లోనే మనం దాన్ని ఎక్కువ పని అడుగుతున్నాం.

## బ్యాటరీ కొనేటప్పుడు

సీసీఏ నంబర్ ఎక్కువున్నదే తీస్కోవాలా?

వేడి ప్రాంతంలో ఆ నంబర్ వెనక పడక్కర్లేదు. సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్) అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు ఎంత కరెంట్ ఇవ్వగలదు అనే కొలత, మీ కారు జీవితంలో ఆ చలి చూడకపోవచ్చు. కంపెనీ చెప్పిన కనీస సీసీఏ ఉంటే చాలు, ఆ తర్వాత చూడాల్సింది ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుంది అనే కొలత), రిజర్వ్ కెపాసిటీ. రిజర్వ్ కెపాసిటీ అంటే 25 యాంప్స్ లాగుతుంటే వోల్టేజ్ 10.5 కి పడేదాకా ఎన్ని నిమిషాలు నిలబడుతుంది అని, ట్రాఫిక్ లో ఫ్యాన్లు తిరుగుతూ నిలబడ్డప్పుడు పనికొచ్చేది అదే. వేడి దేశాల కోసం చేసే కొన్ని బ్యాటరీల్లో యాసిడ్ గాఢత కావాలనే కొంచెం తగ్గిస్తారు, స్టార్టింగ్ బలం కాస్త తగ్గినా ప్లేట్లు ఎక్కువ కాలం బతుకుతాయి.

నీళ్ళు పోసేదా, మెయింటెనెన్స్ ఫ్రీనా, ఏజీఎమ్మా?

నెలకోసారి బానెట్ ఎత్తే ఓపిక ఉంటే నీళ్ళు పోసే రకం వేడిలో చాలా నమ్మకమైనది, పోయిన నీళ్ళు మళ్ళీ పోసుకోవచ్చు కాబట్టి. ఓపిక లేదంటే మెయింటెనెన్స్ ఫ్రీ తీస్కోండి, నీళ్ళు అయిపోయి ప్లేట్లు ఎండిపోయిన మామూలు బ్యాటరీ కన్నా అది వంద రెట్లు నయం. ఏజీఎం అంటే యాసిడ్ ని గాజు పీచు మ్యాట్ లో పీల్చి పెట్టి మూసేసిన రకం, ఖరీదెక్కువ, బలమైనదే, కానీ ఓవర్‌ఛార్జ్ అయి తేమ బయటకి పోతే తిరిగి నింపే దారి లేదు, చాలా కార్లలో దాన్ని డిక్కీలోనో సీటు కిందో పెట్టడానికి వేడి కూడా ఒక కారణం. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే పద్ధతి) ఉన్న కారైతే మాత్రం ఇందులో మీ ఇష్టం ఏం లేదు, కంపెనీ ఏజీఎం అంటే ఏజీఎం, ఈఎఫ్‌బీ (మామూలు దాన్నే బలపరిచి చేసిన రకం) అంటే కనీసం ఈఎఫ్‌బీ, డబ్బు ఆదా అని మామూలుది వేస్తే త్వరగా పోతుంది.

కొత్త బ్యాటరీకి కూడా తేదీ చూడాలా?

తప్పకుండా చూడాలి. వాడకుండా పెట్టినా ఛార్జ్ దిగుతూనే ఉంటుంది, వేడి గోడౌన్ లో ఇంకా వేగంగా దిగుతుంది, అలా ఖాళీగా పడున్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తయారై మూడు నెలలు దాటనిది అడగండి, బిగించే ముందు మీటర్ పెట్టించండి, 12.4 వోల్ట్‌ల కన్నా తక్కువ చూపిస్తే వేరేది ఇమ్మనండి.

## రోజూ నడిపేటప్పుడు

ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నాయి, భయపడాలా?

ఫ్యాన్ ఆన్ అయిన క్షణం రెప్పపాటు తగ్గి మళ్ళీ మామూలు అయితే పర్లేదు. ఆగినంతసేపూ డిమ్ గానే ఉండి కదిలితే ప్రకాశం పెరుగుతోందంటే డైనమో ఐడ్లింగ్ లో (కారు ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) సరిపోవట్లేదు, ఆ లోటు బ్యాటరీ భరిస్తోంది. ఐడ్లింగ్ లో డైనమో తన రేటింగ్ లో సగం కూడా ఇవ్వకపోవచ్చు, వేడెక్కితే ఇంకా తక్కువ, అందుకే రోజూ గంటసేపు ట్రాఫిక్ లో పాక్కుంటూ వెళ్ళే కారు బ్యాటరీ సాయంత్రానికి పొద్దున కన్నా ఖాళీ అయ్యే ఛాన్స్ ఉంది. డైనమోని తిప్పే బెల్ట్ టైటు, డైనమో వెనక ఉన్న వైర్ జాయింట్ చూపించండి, వారానికోసారైనా అరగంట, గంట ఖాళీ రోడ్డు మీద నడపండి.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమని కూత, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది

అది డైనమోని తిప్పే బెల్ట్. రాత్రి తేమకి పుల్లీ, బెల్ట్ తడిసి ఉంటాయి, స్టార్ట్ చేసిన వెంటనే బ్యాటరీని నింపడానికి డైనమో బరువుగా తిరుగుతుంది, బెల్ట్ జారుతుంది, వేడికి ఆరిపోయాక కూత ఆగుతుంది. ఆగింది కదా అని వదిలేయకండి, జారిన ప్రతిసారీ రబ్బరు అద్దంలా నున్నబడి ఇంకా జారుతుంది, ఛార్జింగ్ తగ్గుతుంది. బెల్ట్ మీద స్ప్రేలు కొట్టి కూత ఆపడం నాకస్సలు నచ్చదు, బెల్ట్ ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బలహీనపడిందా, బెల్ట్ అరిగిందా చూసి మార్చడమే సరైన పని.

నడుస్తుండగా బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది, ఇంటిదాకా లాగించొచ్చా?

ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. చాలా ఇంజిన్లలో డైనమోని తిప్పే బెల్టే వాటర్ పంప్ నీ తిప్పుతుంది, ఆ బెల్ట్ తెగి ఉంటే నాలుగు నిమిషాలు నడిపినా ఇంజిన్ కాలిపోతుంది, అక్కడే పక్కకి ఆపేయాలి. బెల్ట్ తిరుగుతూనే ఉంది, వేడి మామూలుగానే ఉంది అంటే కారు ఇప్పుడు బ్యాటరీలో మిగిలిన దాంతో నడుస్తోందని అర్థం, ఏసీ, మ్యూజిక్, ఫోన్ ఛార్జింగ్ అన్నీ కట్టేసి దగ్గర్లో ఉన్న మెకానిక్ దాకా వెళ్ళండి, దారిలో మాత్రం ఇంజిన్ ఆపొద్దు, మళ్ళీ స్టార్ట్ కాకపోవచ్చు. రాత్రి పూట, హెడ్‌లైట్లు తప్పనిసరి అయితే రిస్క్ తీస్కోకండి.

వేసవిలో స్టార్ట్-స్టాప్ పనిచేయట్లేదు, పాడైందా?

చాలాసార్లు పాడవదు. క్యాబిన్ చల్లగా ఉంచడానికి ఇంజిన్ తిరగాలి అనుకున్నా, బ్యాటరీ మరీ వేడిగానో ఛార్జ్ తక్కువగానో ఉన్నా కంప్యూటరే దాన్ని ఆపేస్తుంది. చల్లటి రోజున, హైవే మీద బాగా నడిపాక కూడా పనిచేయకపోతే అప్పుడు బ్యాటరీ టెస్ట్ చేయించండి.

## స్టార్ట్ కానప్పుడు

పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది, నడిపి ఆపి పది నిమిషాలకి సెల్ఫ్ కొడితే టక్ మని ఊరుకుంటుంది, మళ్ళీ అరగంటకి బాగుంటుంది, ఇదేం వింత?

వింత కాదు, వేడి నానడం. నడిచేటప్పుడు గాలి తగులుతుంది, నీళ్ళు తిరుగుతాయి, ఆపేశాక రెండూ ఉండవు కాబట్టి ఇంజిన్ లో ఉన్న వేడంతా చుట్టుపక్కల భాగాల్లోకి పాకుతుంది, ఆపిన తర్వాతి పదీ ఇరవై నిమిషాల్లోనే బానెట్ కింద అత్యంత వేడి ఉంటుంది. సెల్ఫ్ మోటార్ ఇంజిన్ ని అంటిపెట్టుకునే ఉంటుంది, కొన్ని కార్లలో సైలెన్సర్ పైపు పక్కనే. 25 డిగ్రీల్లో ఉన్న రాగి తీగ 100 డిగ్రీలకి వెళ్తే రెసిస్టెన్స్ దాదాపు 30 శాతం పెరుగుతుంది, అంటే సొలినాయిడ్ (కరెంట్ వస్తే అయస్కాంతంలా లాగి సెల్ఫ్ ని కలిపే స్విచ్) కి వెళ్ళే కరెంట్ ఆమేరకు తగ్గి లోపలి ప్లంజర్ ని గట్టిగా లాగలేదు. కొత్త సెల్ఫ్, శుభ్రమైన వైర్లు ఉంటే ఈ తేడాని తట్టుకుంటుంది, కాంటాక్టులు అరిగి, ఎర్త్ చిలుము పట్టి, బ్యాటరీ కూడా సగం ఉంటే తట్టుకోలేదు. మూడూ కొంచెం కొంచెం బలహీనపడి కలిసి దెబ్బ కొడతాయి, అందుకే ఒక్కటి మార్చి మళ్ళీ అదే సమస్య అని తల పట్టుకుంటారు. వరస ఇలా పెట్టుకోండి, ముందు టెర్మినల్స్, ఎర్త్ శుభ్రం చేయించండి, డబ్బు పెద్దగా కాదు, తర్వాత సొలినాయిడ్ చిన్న వైర్ దగ్గర వోల్టేజ్ కొలిపించండి, అక్కడ సరిగ్గా వస్తున్నా కదలట్లేదంటే అప్పుడే సెల్ఫ్ విప్పించండి. విప్పినప్పుడు సైలెన్సర్ వైపు ఉండే రేకు కవచం తిరిగి పెట్టారో లేదో మీరే చూడండి, చాలాచోట్ల మర్చిపోతారు.

టకటకటక అని వరుసగా కొట్టుకోవడానికి, ఒక్క టక్ కి తేడా ఏంటి?

వరుసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీ ఖాళీ లేదా టెర్మినల్ లూజు, సొలినాయిడ్ పట్టుకోగానే వోల్టేజ్ పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఒకే ఒక గట్టి టక్ వినిపించి డాష్‌బోర్డ్ లైట్లు అంతే ప్రకాశంగా ఉంటే సెల్ఫ్ లోపలి కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌ల మీద అనుమానం. చప్పుడే లేకపోతే రిలే, ఫ్యూజ్, గేర్ న్యూట్రల్ లేదా క్లచ్ స్విచ్ చూడాలి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది కానీ ఇంజిన్ పట్టుకోవట్లేదు

జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీ, సెల్ఫ్ రెండూ బాగున్నాయి, వాటిని వదిలేయండి. వేడెక్కినప్పుడు మాత్రమే ఇలా అవుతుంటే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్ కి చెప్పేది) మొదటి అనుమానం, తర్వాత ఫ్యూయల్ పంప్. ఆగకుండా సెల్ఫ్ కొట్టకండి, ఒక్కోసారికి పది సెకన్లకి మించొద్దు, మధ్యలో ఒక నిమిషమైనా ఆగండి, లేదంటే లేని సమస్యని మీరే తెచ్చుకుంటారు.

ఎండలో జంప్ స్టార్ట్ చేయొచ్చా? కేబుల్స్ ఏ వరసలో పెట్టాలి?

జంప్ స్టార్ట్ అంటే ఇంకో కారు మంచి బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేయడం, చేయొచ్చు, కానీ ముందు డౌన్ అయిన బ్యాటరీని చూడండి, ఉబ్బినా, పగిలినా, కుళ్ళిన గుడ్ల వాసన వస్తున్నా దగ్గరికి కూడా వెళ్ళొద్దు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గాల్లో 4 శాతం ఉంటే చాలు నిప్పురవ్వకి పేలుతుంది, వేడిలో ఆ గ్యాస్ ఎక్కువ వస్తుంది. ఎర్ర క్లిప్పు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్ కి, ఇంకో ఎర్రది మంచి బ్యాటరీ ప్లస్ కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్ కి, ఆఖరి నల్లది డౌన్ అయిన కారు ఇంజిన్ మీద బ్యాటరీకి దూరంగా రంగు లేని ఇనుము దగ్గర. తీసేటప్పుడు సరిగ్గా తిరగవరస. స్టార్ట్ అయ్యాక ఊరికే నిలబెట్టి ఐడ్లింగ్ చేస్తే నిండదు, ఇంటికెళ్ళి ఛార్జర్ పెట్టడం అన్నిటికన్నా మంచిది.

## ఇంట్లో చెక్ చేసుకోవడం

మల్టీమీటర్ కొన్నాను, ఏ నంబర్ కి ఏం అర్థం?

మంచి పని చేశారు. రాత్రంతా ఆపి ఉంచిన కారు మీద పొద్దున్నే పెట్టండి, మామూలు బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉంది, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఏజీఎం అయితే 0.1 నుంచి 0.2 వోల్ట్ ఎక్కువ ఉంటుంది. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని చూడండి, తిరిగేటప్పుడు 9.6 కిందకి జారితే బ్యాటరీ వీక్ లేదా ఖాళీ. ఇంజిన్ ఆన్ లో 13.5 నుంచి 14.7 మధ్య రావాలి. ఏసీ, లైట్లు అన్నీ వేసినా 13 దాటి ఉండాలి, అదీ ఇంజిన్ బాగా వేడెక్కాక చూడండి ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు పాస్ అయ్యే డైనమోలు వేడిలో ఫెయిల్ అవుతాయి. నంబర్లు బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు, అసలు బలం తెలియాలంటే లోడ్ టెస్ట్ (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంట్ లాగి వోల్టేజ్ ఎంత పడుతుందో చూసే టెస్ట్) చేయించాలి.

బ్యాటరీ బాగుంది, వైర్లలోనో ఎర్త్ లోనో తప్పు ఉందని ఎలా పట్టుకోవాలి?

మీటర్ ని వోల్ట్‌లలో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోల్ కి, ఇంకోటి ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్ట్ దగ్గర ఉంటే బాగుంది, అర వోల్ట్ దాటితే ఎర్త్ దారిలో చిలుము ఉంది. ప్లస్ వైపు కూడా అలాగే, బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా. ఓమ్స్ లో పెట్టి చూస్తే ఈ తప్పు దొరకదు, కరెంట్ పారుతున్నప్పుడే కొలవాలి. తేమ ఉండే చోట నా అనుభవంలో సగం స్టార్టింగ్ కంప్లయింట్లు ఈ రెండు నిమిషాల టెస్టుతోనే తేలిపోయాయి.

ఛార్జింగ్ 15 దగ్గర చూపిస్తోంది, ఇది ఎక్కువా?

పాత తరహా కారైతే ఎక్కువే, వేడెక్కిన బ్యాటరీకి తక్కువ వోల్టేజ్ ఇవ్వాలి గానీ ఎక్కువ కాదు. వేడి బ్యాటరీ అదే వోల్టేజ్ కి ఎక్కువ కరెంట్ తాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది, ఆ చక్రం ఆగకపోతే నీళ్ళన్నీ ఉడికిపోతాయి. రెగ్యులేటర్ చూపించండి. కంప్యూటర్ చెప్పినట్టు నడిచే స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉన్న కార్లలో మాత్రం ఒక్కోసారి 15 దాకా, ఒక్కోసారి 12.5 దాకా కావాలనే మారుతుంటుంది, కాబట్టి కాసేపు నడిపి చూడాలి, ఎప్పుడు చూసినా 15 ఉంటేనే అనుమానించాలి.

రాత్రి బాగుంటుంది, పొద్దునకి బ్యాటరీ డౌన్, ఏం లాగేస్తోంది?

కారు లాక్ చేసి అరగంట, గంట ఆగాక లాగే కరెంట్ 50 మిల్లీయాంప్స్ లోపు ఉండాలి. అంతకు మించితే ఒక్కో ఫ్యూజ్ తీసి చూడాలి, తీసినప్పుడు ఏది తీస్తే తగ్గిందో తప్పు ఆ లైన్ లో ఉంది. ఫ్యూజులన్నీ అయినా తగ్గకపోతే డైనమో వైర్ విప్పి చూడమనండి, వేడికి కాలిన డయోడ్ ఇంజిన్ ఆపినా బ్యాటరీని వెనక్కి తాగుతుంది. ఇంకోటి, బ్యాటరీ పైన మట్టీ తేమా కలిసిన జిడ్డు కూడా సన్నగా కరెంట్ పారిస్తుంది, తడి గుడ్డతో తుడిచి ఆరనిస్తే పోతుంది.

## శుభ్రం, సంరక్షణ

టెర్మినల్స్ కి తెల్లగా, నీలంగా బూజులా పడుతోంది, ఎలా తీయాలి?

తెల్లది ఎక్కువగా లెడ్ సల్ఫేట్, నీలం ఆకుపచ్చ రంగుది రాగి మీద యాసిడ్ ఆవిరి పనిచేసి వచ్చింది. ఇంజిన్ ఆపి, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని, మైనస్ ముందు తీసి తర్వాత ప్లస్ తీయండి. వంటసోడా కలిపిన నీళ్ళతో రుద్దండి, నురగ ఆగేదాకా, ఆ నీళ్ళు సెల్స్ లోపలికి పోకుండా మూతలు గట్టిగా ఉండాలి. మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టి ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న బిగించండి, ఆ తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి, బిగించకముందే మధ్యలో దట్టంగా పూయొద్దు. శుభ్రం చేసిన నెలకే మళ్ళీ వస్తోందంటే ఓవర్‌ఛార్జ్ అవుతుందేమో, పోల్ దగ్గర సీల్ పగిలిందేమో చూపించాలి.

డిస్టిల్డ్ వాటర్ ఎంత పోయాలి? యాసిడ్ పోస్తే బలం పెరుగుతుందా?

యాసిడ్ ఎప్పుడూ పోయొద్దు, ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది, ఇంకా పోస్తే గాఢత పెరిగి ప్లేట్లు తినేస్తుంది. వేసవిలో నెలకోసారి చూడండి, ప్లేట్లు మునిగి మార్కు దాకా ఉండాలి. ప్లేట్లు బయటపడి ఉంటే మునిగేంత మాత్రమే పోసి, ఛార్జ్ అయ్యాక మార్కు దాకా నింపండి, ముందే నింపేస్తే పొంగి టెర్మినల్స్ మీద పడుతుంది. కుళాయి నీళ్ళు వద్దు, అందులోని ఖనిజాలు బ్యాటరీని పాడుచేస్తాయి.

సర్వీసింగ్ లో బ్యాటరీ చుట్టూ ఉన్న నల్ల తొడుగు తీసేశారు, పర్లేదా?

మళ్ళీ వేయించండి. అది ఇంజిన్ వేడి నేరుగా తగలకుండా పెట్టిన అడ్డం.

ఇంజిన్ భాగం ప్రెషర్ వాటర్ తో కడిగించొచ్చా?

నేనైతే వద్దంటాను. డైనమోకి గాలి ఆడడానికి చుట్టూ కంతలుంటాయి, నీళ్ళు నేరుగా లోపలికి పోయి బ్రష్‌లు, స్లిప్ రింగులు, బేరింగ్ మీద పడతాయి, కనెక్టర్లలో చేరిన నీళ్ళు గాల్లో తేమ ఉన్న రోజుల్లో వారాల తరబడి ఆరవు. తడి గుడ్డ, బ్రష్ చాలు.

## చాలా రోజులు ఆపి ఉంచేటప్పుడు

నెలరోజులు కారు తీయను, వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి పెడితే సరిపోతుందా?

సరిపోదు, చాలాసార్లు నష్టమే. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన దానికి తోడు ఫ్యాన్లు, లైట్లు తినేది ఉంటుంది, పది నిమిషాల ఐడ్లింగ్ లో తిరిగి వచ్చేది తక్కువ. 50 మిల్లీయాంప్స్ చొప్పున లాగుతుంటే రోజుకి 1.2 ఏహెచ్ పోతుంది, 60 ఏహెచ్ బ్యాటరీ 25 రోజుల్లో సగం ఖాళీ, వేడికి తనంతట తాను దిగేది అదనం. ప్లగ్ దగ్గర్లో ఉంటే ఆటోమేటిక్ ట్రికిల్ ఛార్జర్ (కొద్దికొద్దిగా ఛార్జ్ ఇస్తూ బ్యాటరీని నిండుగా ఉంచేది) పెట్టండి, లేదంటే నిండా ఛార్జ్ చేసి మైనస్ టెర్మినల్ తీసేయండి, రేడియో కోడ్ లాంటివి అడుగుతుందేమో మాన్యువల్ లో ముందే చూస్కోండి. నీడ దొరికితే నీడలో పెట్టండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకి ఈ బాధ లేదు కదా?

డైనమో, సెల్ఫ్ మామూలు రూపంలో ఉండకపోవచ్చు కానీ చాలా వాటిలో 12 వోల్ట్‌ల చిన్న బ్యాటరీ ఉంటుంది, లాక్, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు దాని మీదే ఆధారపడతాయి. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ దాన్ని నింపుతుంది, ఎండ దెబ్బ మాత్రం దానికీ ఒకటే. ఇక్కడ ఒక్క హెచ్చరిక, నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజ్ వి, వాటి జోలికి ఇంట్లో ఎవరూ వెళ్ళకండి.

ఎన్నేళ్ళకి మార్చేయాలి మరి?

వేడి, తేమ ఉన్న చోట మూడో ఏడు నుంచి ఏడాదికి రెండుసార్లు లోడ్ టెస్ట్ చేయించండి, ఎండలకి ముందొకసారి, ఎండలు తగ్గాక ఒకసారి, అందులో ఫెయిల్ అయితే మార్చండి. మార్చిన రోజే డైనమో ఛార్జింగ్ వేడి ఇంజిన్ మీద కొలిపించండి, కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కంప్యూటర్ కి రిజిస్టర్ కూడా చేయాలి, అది చేశారా అని అడగండి.